సాంబమూర్తి సంతకం

మొదటి దెబ్బ సుబ్బయ్య భుజం మీద పడింది. రెండోది మోచేతి మీద. మూడోది తల మీద పడబోతుంటే కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. అది దోనె నడిపే గడకర్ర, నీళ్లలో నాని బరువెక్కి ఉంది. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు, అవతలి గట్టు మీద మేత బస్తాలు మోస్తున్న కూలీలకు కూడా వినిపించింది.

ఉదయం పది గంటలవుతోంది. కొల్లేటి పక్కన చేపల చెరువు గట్టు అది. కొడుతున్నవాడు చెరువు యజమాని బాబీ, ముప్పై ఆరేళ్లవాడు. గణపవరంలో పొలాలు, ఇక్కడ చెరువులు ఉన్న కుటుంబం. దెబ్బలు తింటున్నది ఆ చెరువులకు పదకొండేళ్లుగా కాపలా కాస్తున్న సుబ్బయ్య. అతనికి అరవై ఎనిమిదేళ్లు.

“దొంగ సంతకం తెచ్చి నా చేతిలో పెడతావా? ఏలూరులో అంతమంది ముందు నన్ను ఎర్రివెధవని చేస్తావా?”

“దొంగది కాదు బాబుగారూ. నా కళ్లముందు పెట్టిందండి. నేను చూశానండి.”

“నువ్వు చూశావా? పుస్తకంలో అచ్చేసి ఉందిరా! ఆ పుస్తకాన్ని కళ్లు మూసుకుని నమ్మొచ్చని పత్రికలో రాశారు. వాళ్లందరికన్నా నీకెక్కువ తెలుసా?”

సుబ్బయ్య ఇంకేదో చెప్పబోయాడు. బాబీ బూటుకాలితో డొక్కలో తన్నాడు. ముసలాయన గట్టు మీంచి దొర్లి మోకాలి లోతు నీళ్లలో పడ్డాడు. బాబీ కిందికి దిగి, జుట్టు పట్టి తల పైకెత్తి, మొహం మీద రెండుసార్లు గుద్దాడు. ఎడమ కన్ను మూసుకుపోయింది. తర్వాత జేబులోంచి ఒక పత్రిక పేజీ తీసి, సుబ్బయ్య చొక్కా జేబులో కుక్కి, “చదువుకో” అని కారెక్కి వెళ్లిపోయాడు. అతను వెళ్లేదాకా కూలీలు ఒక్కరూ కదల్లేదు.

దీనంతటికీ కారణం ఒక పాత నాటకం కరపత్రం. దాని మీద గుండుగొలను సాంబమూర్తి అనే పద్యనాటక నటుడి సంతకం ఉంది. ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. బాబీ తాతగారికి నాటకాల పిచ్చి. ఆ పిచ్చి మనవడికి మరోరకంగా అంటుకుంది, పాత నటుల సంతకాలు సేకరించేవాడు. ఆ సంగతి విన్న సుబ్బయ్య చిన్నప్పటి నుంచి దాచుకున్న కరపత్రం ట్రంకుపెట్టెలోంచి తీసి, “మీ దగ్గరుంటే బావుంటుందండి” అని ఇచ్చాడు. ఏమీ అడగలేదు. బాబీ దానికి అద్దం కట్టించి ఏలూరులో సేకర్తల సంఘం ప్రదర్శనకు తీసుకెళ్లాడు. అక్కడొకాయన ‘గోదావరి నటుల సంతకాలు’ అనే పుస్తకం తెరిచి అరవై రెండో పేజీ చూపించాడు. అందులో సాంబమూర్తి ఉత్తరాల కింద ఉన్న సంతకాల ఫొటోలు ఆరు ఉన్నాయి. అన్నీ గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. కింద ఒక హెచ్చరిక కూడా ఉంది: వంకర అక్షరాలతో, సున్నా మూయకుండా ఉన్న సంతకాలు నకిలీవి. బాబీ తెచ్చినదాంట్లో అక్షరాలు వంకర, సున్నా తెరిచి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒకరు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తెల్లవారి బాబీ చెరువు దగ్గరకు వచ్చాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీ లైబ్రరీకి సుబ్బయ్య భార్య కనకరత్నం వచ్చింది. కొంగులో మడిచి పెట్టుకున్న కాగితం తీసి బల్ల మీద పరిచింది.

“ఇది రాసింది మీరేనాండి?”

బల్ల వెనక కూర్చున్నది లైబ్రేరియన్ భాగ్యశ్రీ. నలభై ఏడేళ్ల మనిషి. కాగితం చూడగానే గుర్తుపట్టింది. సేకర్తల సంఘం మూడు నెలలకోసారి వేసే పత్రికలో పేజీ. పైన తన పేరు, కాలేజీ పేరు. అంచు పొడవునా ఎండిపోయిన నెత్తురు.

“నేనేనండి. ఏమైందండి?”

“మా ఆయన్ని చంపినంత పని చేసి, ఈ కాగితం జేబులో కుక్కి చదువుకోమన్నాడండి ఆ బాబు. మా ఆయనకి చదువు రాదండి. నాకూ రాదు. ఆస్పత్రిలో నర్సమ్మ చదివి పెట్టింది.” కనకరత్నం గొంతు పెంచలేదు. “ఆ పుస్తకంలో సంతకాలు అసలువేనని మీకెలా తెలిసిందండి? అది అడుగుదామని వచ్చాను.”

భాగ్యశ్రీ ఆ కాగితం తన వైపు తిప్పుకుంది. పన్నెండేళ్లుగా ఆమె రాస్తున్నది ఇలాంటి పుస్తకాల గురించే. సంతకాలు సేకరించేవాళ్లకు ఏది అసలో ఏది నకిలీయో చెప్పే పుస్తకాలు చాలా వస్తుంటాయి. వాటిలో ఏది నమ్మాలో చెప్పడం ఆమె పని. ప్రతి సంతకం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ సంవత్సరానిది, ఎవరి ముందు పెట్టింది, పుస్తకం వేసినాయన తానే సంతకాలు అమ్ముకుంటున్నాడా, ఇవన్నీ చూసిగానీ మాట చెప్పేది కాదు. ఈ పుస్తకం విషయంలో ఇవేవీ చూడలేదు. దాన్ని వేసిన అబ్బాయిరాజు హైస్కూల్లో ఆమెకు డ్రాయింగు మాస్టారు. ఆయనే స్వయంగా పుస్తకం పట్టుకుని ఇంటికి వచ్చారు. కాగితం బాగుంది, రంగుల బొమ్మలున్నాయి. ఒక్క సాయంత్రంలో రాసి పంపేసింది. “కళ్లు మూసుకుని నమ్మవచ్చు” అనే మాట ఆమెదే.

“నాకు తెలియదండి. తెలుసుకోకుండా రాశాను.”

కనకరత్నం కాగితం మళ్లీ మడిచి కొంగులో కట్టుకుంది. “అయితే వచ్చి మా ఆయన్ని చూడండి” అంది.

ఏలూరు ఆస్పత్రిలో సుబ్బయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మణికట్టులో కమ్మీలు వేశారు. మూడు పక్కటెముకలు విరిగాయి. మొహం నల్లగా ఉబ్బిపోయి ఉంది. గట్టు మీద కాలు జారి పడ్డాడని కేసు షీటులో రాసి ఉంది. అలా చెప్పమని ఊరి పెద్దలు వచ్చి చెప్పి వెళ్లారట.

“ఆ సంతకం మీరు ఎప్పుడు తీసుకున్నారండి?” భాగ్యశ్రీ అడిగింది.

“అరవై నాలుగులోనండి. నాకు తొమ్మిదేళ్లు. మా నాన్న ఆ కంపెనీలో తెర లాగేవాడండి. నాటకం అయ్యాక సాంబమూర్తిగారు రంగు కడుక్కుంటుంటే కరపత్రం పట్టుకెళ్లానండి.” మాట్లాడుతుంటే పక్కటెముకలు నొప్పెట్టి ఆగి ఆగి చెప్పాడు. “చాలాసేపు రాశారండి. ఒక్కో అక్షరం గీసినట్టు. చెమట పట్టేసిందండి ఆయనకి. రాశాక నవ్వి, నాకొచ్చిన రాత ఇంతేరా, ఎవరికీ చెప్పకు అన్నారండి.”

“ఈ మాట బాబీగారికి చెప్పారా?”

“చెప్పనివ్వలేదండి.”

భాగ్యశ్రీ బయటకొచ్చి వరండాలో కూర్చుంది. ఆ మహానటుడికి వచ్చిన రాత అంతే అయితే, పుస్తకంలో ఆరు ఉత్తరాల కింద ముత్యాల్లాంటి సంతకాలు ఎవరివి?

అటునుంచి అటే, ఏలూరులోనే ఉన్న అబ్బాయిరాజు ఇంటికి వెళ్లింది. డెబ్బై ఆరేళ్ల మాస్టారు ఆ ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఉత్తరాలు చూపించమంటే సంతోషంగా బీరువా తీశారు. ఆరూ పోస్టులో అభిమానులకు వచ్చినవి. అన్నీ అరవై ఎనిమిది తర్వాతవి.

“మాస్టారూ, వీటిలో ఒక్కటైనా ఆయన రాస్తుండగా చూసినవాళ్లున్నారాండి?”

“ఆయన పేరు మీద వచ్చిన ఉత్తరాలమ్మా. ఇంకెవరు రాస్తారు?”

“కంపెనీలో ఎవరైనా రాసి పంపి ఉండొచ్చు కదండీ.” సుబ్బయ్య సంగతంతా చెప్పింది. “ఈ పేజీ తప్పని అనుమానంగా ఉందండి.”

మాస్టారి మొహం మారిపోయింది. “ఇరవై ఏళ్లు ఈ పుస్తకం మీద కూర్చున్నాను. చెరువు కాపలావాడి మాట పట్టుకుని తప్పంటావా? బాగుందని రాసింది నువ్వే కదా?”

“చూడకుండా రాశానండి. నాదీ తప్పే, మీదీ తప్పే.”

ఆయన చేతిలో గాజు పేపర్‌వెయిట్ ఉంది. విసిరేశారు. అది ఆమె కనుబొమ మీద తగిలి గోడకు కొట్టుకుంది. నెత్తురు కంట్లోకి కారింది. మాస్టారు గబగబా లేచి దూది తెచ్చారు, నీళ్లు తెచ్చారు, “ఏం చేశానమ్మా” అని పదిసార్లు అన్నారు. పేజీ తప్పని మాత్రం అనలేదు. కనుబొమకు నాలుగు కుట్లు పడ్డాయి.

తర్వాత రెండు నెలలు భాగ్యశ్రీ సెలవు దొరికిన ప్రతిరోజూ తిరిగింది. అత్తిలిలో ఒక స్కూలు సందర్శకుల పుస్తకంలో, అరవై మూడులో సాంబమూర్తి ముఖ్య అతిథిగా వచ్చి అందరి ముందూ పెట్టిన సంతకం దొరికింది. వంకర అక్షరాలు, తెరిచిన సున్నా. జంగారెడ్డిగూడెంలో నాటక పోటీల ప్రశంసాపత్రం ఒకటి దొరికింది. అదీ అంతే. ఆ సంతకం పెడుతుండగా చూసిన హార్మోనిస్టు ఇంకా బతికే ఉన్నాడు. చివరకు అత్తిలిలోనే ఎనభై మూడేళ్ల వీరరాఘవమ్మ దొరికింది. ఆమె తండ్రి ఆ నాటక కంపెనీకి మేనేజరు.

ఉత్తరాల ఫొటోలు చూడగానే ఆమె నవ్వింది. “ఇవి మా నాన్నగారి దస్తూరీ అమ్మా. ఉత్తరాలన్నీ ఆయనే రాసి, కింద సంతకం కూడా పెట్టేసేవారు. పాపం సాంబమూర్తిగారికి పేరు రాసుకోవడం తప్ప రాత రాదు. పద్యాలన్నీ విని నేర్చుకున్నవే. తెలిస్తే జనం చిన్నచూపు చూస్తారని దాచిపెట్టేవారు.”

పుస్తకంలో అసలువని వేసిన ఆరూ మేనేజరువి. నకిలీవని హెచ్చరించినవే సాంబమూర్తి స్వహస్తంతో పెట్టినవి.

ఆ ఆధారాలు పట్టుకుని భాగ్యశ్రీ పోలీసుల దగ్గరకు కాకుండా ముందు బాబీ దగ్గరకు వెళ్లింది. అది తెలివితక్కువ పనేనని తర్వాత చాలాసార్లు అనుకుంది. నిజం తెలిస్తే అతను సిగ్గుపడతాడని, తానే స్టేషన్‌కు వచ్చి ఒప్పుకుంటాడని ఆశపడింది. చెరువు పక్క షెడ్డులో బాబీ ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. ఆమె ఫోనులో రికార్డు చేసుకొచ్చిన వీరరాఘవమ్మ మాటలు విన్నాడు.

“అంటే సుబ్బయ్య ఇచ్చింది అసలుదేనాండి?”

“అసలుదేనండి.”

బాబీ తల వంచుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకుంది. తలెత్తినప్పుడు కళ్లు పొడిగా ఉన్నాయి.

“అయితే నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసింది ఆ డ్రాయింగు మాస్టారన్నమాట.”

“బాబీగారూ, తప్పు నాది కూడా...”

“మీ సంగతి తర్వాతండి” అన్నాడు చాలా మర్యాదగా, కారు తాళాలు తీసుకుంటూ.

ఆమె పరుగెత్తి వెళ్లి వెనక తలుపు తీసి కారులో కూర్చుంది. దిగమన్నాడు. దిగలేదు. మాస్టారి చిరునామా పుస్తకంలోనే అచ్చేసి ఉంది. ఏలూరు దాకా బతిమాలుతూనే ఉంది. అబ్బాయిరాజుకు ఏడుసార్లు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మాస్టారికి వినికిడి తక్కువ. పోలీసుల వంద నంబరుకు ఫోన్ చేయబోతుంటే బాబీ ఒక్క చేత్తో వెనక్కి తిరిగి ఫోను లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు.

మాస్టారు బల్ల దగ్గర కూర్చుని ఏదో సంతకానికి నకలు తీసుకుంటున్నారు. బాబీ నమస్కారం పెట్టలేదు, పేరడగలేదు. బల్ల మీదున్న పుస్తకం ఎత్తి మొహం మీద కొట్టాడు. కళ్లజోడు పగిలి చెంపలో దిగింది. రెండోసారి కొట్టాడు. మూడోసారి కొట్టాడు. అట్ట మీద నెత్తురు పడింది.

“ఈ చేత్తోనే కదా రాశావు?”

ఆయన కుడిచెయ్యి లాగి బల్ల సొరుగులో పెట్టి కాలితో తన్ని మూశాడు. మాస్టారు కేక పెట్టారు. బాబీ సొరుగు లాగి మళ్లీ తన్నాడు. భాగ్యశ్రీ వెనక నుంచి అతని చొక్కా పట్టుకుంది. ఒక్క విదిలింపుకు వెళ్లి బీరువా అంచుకు కొట్టుకుంది. పన్ను విరిగి నాలుక మీద పడింది. లేచింది. గోడకు ఆనించి ఇనప మడతకుర్చీ ఉంది. రెండు చేతులతో ఎత్తి బాబీ తల వెనక కొట్టింది. అతను మోకాళ్ల మీద కూలాడు. వీపు మీద కొట్టింది. బోర్లా పడ్డాడు. మళ్లీ ఎత్తి కొట్టింది. నాలుగోసారి ఎత్తింది.

ఎవరో చీర పట్టుకుని లాగుతున్నారు. నలిగిన చేత్తో మాస్టారు.

“అమ్మా భాగ్యా, చాలమ్మా. చచ్చిపోతాడు. చాలు.”

కుర్చీ దించింది. మూడో దెబ్బ అవసరం లేదని కొడుతున్నప్పుడే ఆమెకు తెలుసు. కొట్టాలనిపించి కొట్టింది. వీధిలో జనం పోగయ్యారు. ఆమె నోట్లోంచి నెత్తురు ఉమ్మేసి, పోలీసుల్ని పిలవమని చెప్పింది.

ఈసారి కేసు ఆపడానికి పెద్దలెవరూ రాలేదు. రిటైరైన మాస్టారిని ఏలూరు నడిబొడ్డున ఇంట్లో దూరి కొట్టడమంటే, లంకగ్రామంలో కాపలావాణ్ణి కొట్టినట్టు కాదు. ఆ తేడా కనకరత్నం గమనించింది, పైకే అంది కూడా. అయినా ఆ అదను చూసుకునే సుబ్బయ్య చేత ఫిర్యాదు ఇప్పించింది. చెరువు కూలీల్లో ఇద్దరు, చూసింది చూసినట్టు చెప్పడానికి ఒప్పుకున్నారు. కాలు జారలేదని డాక్టరు రాసిచ్చాడు.

విచారణకు వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. భాగ్యశ్రీ బోనులో నిలబడిన రోజు బాబీ తరఫు లాయరు, పత్రిక పేజీ పైకెత్తి పట్టుకున్నాడు.

“కళ్లు మూసుకుని నమ్మవచ్చు. ఈ వాక్యం మీరు రాసిందేనా?”

“నేనే రాశానండి.”

“పన్నెండేళ్లుగా మీ మాట మీద నమ్మకంతో జనం పుస్తకాలు కొంటున్నారు. అవునా?”

“అవునండి.”

“నా క్లయింటు కూడా నమ్మాడు. ముసలాయన తనను మోసం చేశాడనుకున్నాడు. అలా అనుకోవడానికి కారణం మీరేనా కాదా?”

“అలా అనుకోవడం నా వల్లేనండి. కర్ర ఎత్తింది ఆయనేనండి.”

“మరి కుర్చీ ఎత్తింది?”

“నేనేనండి. మూడుసార్లు కొట్టాను. రెండు దెబ్బలు ఆయన్ని ఆపడానికి. మూడోది కోపంతో కొట్టింది.”

ఆ జవాబు చెప్పొద్దని ఆమె లాయరు ముందే హెచ్చరించాడు. చెప్పింది. రెండు కేసుల్లో కలిపి బాబీకి నాలుగేళ్ల శిక్ష పడింది. భాగ్యశ్రీ మీద అతను పెట్టిన ఎదురు కేసు, ఒక వృద్ధుణ్ణి కాపాడబోయి కొట్టిందన్న కారణంతో కొట్టేశారు. ఆ తీర్పు విన్నప్పుడు ఆమెకు ఊరటగా అనిపించలేదు.

తీర్పు రోజు కోర్టు బయట చెట్టు కింద అబ్బాయిరాజు ఎదురుచూస్తున్నారు. ఆయన కుడిచేతి రెండు వేళ్లు ఇక వంగవు. అయినా మిగిలిపోయిన ప్రతులన్నిటిలో అరవై రెండో పేజీ మీద సవరణ చీటీ ఆయనే అతికించారు, కొన్నవాళ్లకు పోస్టులో పంపారు. సుబ్బయ్యను చూడగానే రెండు చేతులూ జోడించారు.

“తప్పు అచ్చేశానండి. మీరు ఆయన రాస్తుండగా చూసిన మనిషి. మిమ్మల్ని ఒక్కమాట అడగాలని నాకు తట్టలేదు.”

“మీరూ దెబ్బలు తిన్నారు కదండీ” అన్నాడు సుబ్బయ్య ఇబ్బందిగా.

కనకరత్నం మొగుడి మొహం చూసింది. “తిన్నారు. అయినా నీ చెయ్యి తిరిగి రాలేదు కదా” అంది. అని, భాగ్యశ్రీ వైపు తిరిగింది. “మీరు చెప్పాల్సింది చెప్పారండి. అంతవరకూ బాగానే ఉంది. కానీ మిమ్మల్ని చూసినప్పుడల్లా నాకు ఆ కాగితమే గుర్తొస్తుందండి. ఏమీ అనుకోకండి.”

“అనుకోనండి.”

కైకలూరు బస్సు వచ్చింది. కనకరత్నం సంచి భుజాన వేసుకుని ముందు తానెక్కి, సుబ్బయ్య ఎడమచెయ్యి పట్టుకుని పైకి లాగింది. భాగ్యశ్రీ మాస్టారిని ఆటో ఎక్కించి, స్టేషన్‌కు నడిచింది. తాడేపల్లిగూడెం పాసింజరు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా ఫోన్ మోగింది. సంఘం కార్యదర్శి హేమంత్‌కుమార్.

“మేడంగారూ, పాత సంగీత విద్వాంసుల సంతకాల మీద కొత్త పుస్తకం వచ్చిందండి. ప్రింటింగు అదిరిపోయింది. వచ్చే సంచికకి మీరు రెండు మాటలు రాసిస్తే...”

“అందులో ఎన్ని సంతకాలున్నాయండి?”

“నూటపదహారండి.”

“ఏది ఎవరి ముందు పెట్టిందో రాశారాండి?”

“అదేం లేదనుకుంటానండి. మరి ఎప్పటికి ఇస్తారు?”

“ఏడాది పడుతుందండి” అంది భాగ్యశ్రీ. “అంతదాకా నా పేరు దాని పక్కన వెయ్యకండి.”

అవతల అతను నవ్వబోయి ఆగిపోయాడు. రైలు వస్తున్నట్టు మైకులో చెప్పారు. ఆమె ఫోన్ పెట్టేసి, సంచి చంకన పెట్టుకుని, ఆడవాళ్ల పెట్టె ఆగే చోటికి నడిచింది.